నాట్లు కంకిపాడులో, సాయం బెజవాడలో

బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే పటమట, కానూరు, పోరంకి దాకా అపార్ట్‌మెంట్లే. ఆ ఇళ్లలో చాలామందికి పామర్రు వైపో గుడివాడ వైపో పొలాలున్నాయి. పాసుపుస్తకం ఇక్కడ బీరువాలో ఉంటుంది, చేలో దిగేది మరొకరు. మరి ప్రభుత్వమిచ్చే పెట్టుబడి సాయం ఎవరి చేతికి వెళుతోంది? సార్వా నాట్లు సాగుతుండగా కంకిపాడు దాటి లోపలి ఊరొకదానికి వెళ్లింది ఇది తెలుసుకుందామనే.

కాలువ గట్టున నారుకట్టలు దింపిస్తున్నాడు ఒక కౌలు రైతు. యాభై దాటాయి. సొంతానికి సెంటు భూమి లేదు, ఐదెకరాలు కౌలుకు చేస్తున్నాడు. ఎకరాకు పాతిక బస్తాలు, పండినా మునిగినా కొలవాల్సిందే. దమ్ము, ఊడ్పు కూలి, ఎరువులు, పురుగుమందులు అన్నీ ఆయన నెత్తినే. బ్యాంకు గడప ఎక్కనివ్వదు, ఎరువుల కొట్టులో అప్పు పెడతాడు. ఆసామి బెజవాడలో ఉంటారు.

"మంచివారేనండీ. ఏనాడూ మాట అన్లేదు. కార్డుకి సంతకం అడిగితే మాత్రం, అలాగైతే వచ్చే ఏడు ఇంకొకళ్లకి ఇచ్చుకుంటానన్నారు."

అంతా ఆ సంతకం దగ్గరే ఆగిపోయింది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం, 11 నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం పెడితేనే కౌలు రైతుకు కార్డు వస్తుంది. హక్కు పంట మీదే తప్ప భూమి మీద కాదని ఆ చట్టమే చెబుతోంది. అయినా పేరు కాగితమెక్కితే పొలం చేజారుతుందన్న భయం ఆసాములను వదల్లేదు. 1956 కౌలు చట్టం నాటినుంచీ ఉన్న భయమది. 2011లో తెచ్చిన సాగుదారుల చట్టానికి ఈ సంతకం మెలిక లేదు. దాన్ని రద్దుచేసి మెలికను తెచ్చిపెట్టారు.

కార్డు లేని మనిషికి ఏం అందింది? పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు, అది భూమి పేరున ఉన్నవారికే. 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసా 13,500 ఇచ్చింది. కౌలు రైతుల్లో మాత్రం భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే పరిమితం చేశారు. ఇతర కులాల పేద కౌలుదార్లు డెల్టాలో కొల్లలుగా ఉన్నారు, వాళ్లకు ఏమీ లేదు. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలైంది, ఏడాదికి 20,000. తొలి విడతగా భూయజమానుల ఖాతాల్లో కేంద్రం వాటాతో కలిపి 7,000 పడ్డాయి. కౌలు రైతులకు మొత్తం రాష్ట్రమే ఇస్తుందన్నారు, కానీ అక్కడా కార్డు కావాలి. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు అయితే కౌలుదారును లెక్కలోకే తీసుకోలేదు.

"మా చేలో పంటకి ఈ-పంటలో ఆసామి పేరే ఎక్కిందండీ" అన్నాడా కౌలు రైతు. ఈ-పంట అంటే ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే లెక్క. వరదొచ్చి చేను మునిగితే నష్టపరిహారం వెళ్లేది ఆ పేరుకే. మునిగిన చేలో కుళ్లిన దుబ్బులు పీకి మళ్లీ నాటేది మాత్రం ఈయనే. నాకు దీనికంటే పెద్ద అన్యాయం ఆ ఊళ్లో కనబడలేదు.

ప్రభుత్వం ఆ సంతకం షరతును ఎత్తేయాలి. గ్రామసభ పెట్టి, ఏ చేను ఎవరు చేస్తున్నారో ఊరి ముందే రాసుకోవాలి. అది జరిగేదాకా, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఉంటున్న ఆసాములారా, మీ పొలం చేస్తున్న మనిషికి ఈ ఏడు సంతకం పెట్టండి. మీ భూమి ఎక్కడికీ పోదు.