నారింజ జెండా పడవ

బ్యాంకాక్ వెళ్తున్నామని చెప్పగానే రాజమండ్రిలో మా వీధివాళ్ళు ముందు నా ముఖం చూశారు, తర్వాత అక్క ముఖం చూశారు. "మీరిద్దరేనా?" అని అడిగి ఒక నవ్వు నవ్వారు. ఆ ఊరి పేరు మన దగ్గర ఎలాంటి నవ్వుతో పలుకుతారో అందరికీ తెలుసు. మగవాళ్ళు గుంపులుగా వెళ్ళొచ్చి సగం చెప్పి సగం మింగేసే ఊరు. అరవై ఐదేళ్ళ అక్కకీ యాభై ఏడేళ్ళ నాకూ అక్కడేం పని అన్నది వాళ్ళ సందేహం.

వెళ్దామని పట్టుబట్టింది అక్కే. ముప్పై ఐదేళ్ళకు పైగా సర్కారు ఆసుపత్రుల్లో, అందులో సగం కాలం ఏజెన్సీలో, కాన్పుల వార్డు నర్సుగా చేసిన మనిషి. విమానమెక్కడం అదే మొదటిసారి. దిగిన చోటు పేరు సువర్ణభూమి అని బోర్డు మీద చదివి, "పేరు మనదేనే" అంది. ఆ విమానాశ్రయం 2006లో తెరవకముందు ఆ నేలని నాగుపాముల చిత్తడి అని పిలిచేవారని రెండో రోజు తెలిసింది. అదృష్టం, అక్కకి పాములంటే భయం.

మేం దిగింది పాత ఊళ్ళో, సామ్‌సేన్ రోడ్డు పక్క సందులో ఉన్న చిన్న గెస్ట్‌హౌస్‌లో. కింద వసారాలో పొడుగాటి చెక్కబల్ల ఒకటి ఉంది. సాయంత్రం అయ్యేసరికి పై గదుల్లోవాళ్ళంతా ఆ బల్ల చుట్టూ చేరేవారు. ఎవరు ఏ దేశమో అడిగేలోపే ఎవరు ఎక్కడ మోసపోయారో తెలిసిపోయేది. ఆ ఇల్లు నడిపే ఆవిడ అక్కని "పీ" అని పిలిచింది. థాయ్‌లో పెద్దవాళ్ళని, అక్క అయినా అన్న అయినా, అలాగే పిలుస్తారట. చిన్నవాళ్ళని "నోంగ్" అంటారు. వరస కలపకుండా మాట మొదలుపెట్టని ఊరు అనగానే అక్క కుదురుగా కూర్చుంది.

మొదటి సాయంత్రం విన్నవి ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మధ్యలో గుల్లగా, గొట్టంలా ఉన్న ఐసుముక్కలు ఫ్యాక్టరీలో చేసినవి, భయం లేకుండా తాగొచ్చు. సోమవారం రోడ్ల పక్క తిండిబళ్ళు చాలావరకు ఉండవు, పేవ్‌మెంట్లు కడిగే రోజు. బుధవారం చాలా మంగలి షాపులు మూసేస్తారు, ఆ రోజు జుట్టు తీయించుకుంటే అరిష్టమట. మనకి మంగళవారం, వాళ్ళకి బుధవారం, అంతే తేడా. టాక్సీ ఎక్కితే మీటర్ వేయమనాలి, వేయనంటే దిగిపోవాలి. కరెన్సీ నోటు కింద పడితే కాలితో తొక్కి ఆపకూడదు, దాని మీద రాజుగారి బొమ్మ ఉంటుంది.

అక్క శాకాహారి అని తెలిసి ఆ ఇంటావిడ రెండు మాటలు నేర్పింది. ఒకటి "జే". పసుపు జెండా మీద ఎర్రక్షరాలతో ఆ మాట కనిపిస్తే అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. రెండోది "మంగ్‌సవిరత్". ఆ మాట నెమ్మదిగా పలికి చూసుకున్నాను. మాంస విరతి! మన సంస్కృతమే, అక్కడి నాలుక మీద తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఊరంతా ఇలాంటి మాటలే వెతుక్కున్నాను. బ్యాంకాక్‌ని అక్కడివాళ్ళు క్రుంగ్ థేప్ అంటారు, దేవనగరం అని. దాని పూర్తి పేరు ఒక దండకమంత ఉంటుంది. అందులో మహానగరం, రత్నం, మహేంద్రుడు, అయోధ్య, విష్ణుకర్మ అందరూ ఉన్నారు. వీధుల్లో పచ్చగా వేలాడుతున్న రేలపూల చెట్టు వాళ్ళకి రాచ్చఫ్రుక్, అంటే రాజవృక్షం.

ఆ బల్ల దగ్గర వరంగల్ అబ్బాయి ఒకడు కలిశాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. రెండేళ్ళ కింద మొదటిసారి వచ్చినప్పుడు మోసపోయాడు. ఆ సంగతి దాచుకోకుండా, అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఆంటీ, రేపు ప్యాలెస్‌కు పోతున్నరు కదా. గేటు దగ్గరకి రాకముందే మంచి బట్టలేసుకున్నోడొకడు ఎదురొస్తడు. ఇయాల బంద్, పూజ ఉన్నది, ఒంటిగంటకు తెరుస్తరు అంటడు. నమ్మకున్రి."

తర్వాత జరిగేది ఇది. అంతలోపు నాలుగు గుళ్ళు చూసి రమ్మని ఇరవై బాట్లకే టుక్‌టుక్ మాట్లాడి పెడతాడు. ఒక చిన్న గుడిలో ఇంకో పెద్దమనిషి తనంతట తానే పలకరించి, రత్నాల మీద పన్ను లేకుండా అమ్మే చివరి రోజు ఈరోజే అంటాడు. టుక్‌టుక్ ఆగేది ఆ కొట్టు ముందే. వరంగల్ అబ్బాయి నీలాలు కొన్నాడు, ముప్పై ఎనిమిది వేల రూపాయలకి. హైదరాబాద్‌లో చూపిస్తే రెండు వేలు కూడా చేయవన్నారు. థాయ్‌లాండ్‌లో రత్నాల వ్యాపారం నిజంగానే పెద్దది, చంతబురి వైపు కెంపులూ నీలాలూ సానబట్టే ఊళ్ళే ఉన్నాయి. ఆ నిజం ఉండబట్టే ఈ అబద్ధం నిలబడుతోంది. "అమ్మకు ఇప్పటికీ చెప్పలే ఆంటీ, మీకు చెప్తున్న" అన్నాడు. తను తిన్న దెబ్బని ముక్కూముఖం తెలియని ఇద్దరు ఆడవాళ్ళ కోసం మళ్ళీ తలుచుకున్న ఆ పిల్లవాడి మీద నాకు ఎంతో ప్రేమ కలిగింది.

మర్నాడు తొమ్మిదిన్నరకి, ప్యాలెస్ తెల్ల గోడ పక్కనే నడుస్తుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఎదురొచ్చాడు. నవ్వుతూ చెయ్యి అడ్డుపెట్టి, "క్లోజ్డ్, మేడమ్. వన్ ఓ క్లాక్" అన్నాడు. ఒళ్ళు జలదరించింది. చెప్పినది చెప్పినట్టే! అక్క అతనికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, ఆగకుండా నడిచింది. ఇంకో రెండు వందల అడుగుల్లో గేటు బార్లా తెరిచి ఉంది, జనం లోపలికి పోతున్నారు.

లోపల పచ్చబుద్ధుడు ఉన్న గుడి. ఆకుపచ్చ రాతిలో చెక్కిన ఆ విగ్రహం రెండడుగులకి కాస్త పైన, అంతే. ఏడాదికి మూడు రుతువులకి మూడు అలంకారాలు, మార్చేది రాజుగారే. కానీ మమ్మల్ని కట్టిపడేసినవి చుట్టూ ఉన్న మండపం గోడలు. 178 చిత్రాల్లో రామకథ మొత్తం ఉంది, వాళ్ళు రామకియెన్ అంటారు. దశకంఠుడు అక్కడ తొత్సకన్, ఆకుపచ్చ ముఖం. హనుమంతుడు తెల్లగా మెరుస్తాడు. సేతువు కడుతుంటే చేపలు రాళ్ళు ఎత్తుకుపోతాయి, వాటి రాణి రావణుడి కూతురు సువర్ణమత్స్య. హనుమంతుడు ఆమెని తరుముతూ వెళ్ళి ప్రేమలో పడతాడు, వాళ్ళకి కొడుకు పుడతాడు. నేను నోరు తెరిచి చూస్తుంటే అక్క, "మన మైరావణుడి కథలో మత్స్యవల్లభుడు లేడూ? వాడే వీడు" అని తేల్చేసింది. కథ ఎవరి నోట ఎలా మారి సముద్రం దాటిందో ఆ గోడ ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాను. కాళ్ళు పీకేదాకా అక్కడే ఉన్నాం.

బయటికొచ్చాక జరిగింది చెప్పాలి.

తా చాంగ్ రేవు నుంచి దక్షిణంగా సాతోన్ రేవుకి వెళ్ళాలి. నారింజ జెండా పడవ ఎక్కండి, ఎంత దూరమైనా పదహారు బాట్లే అని బల్ల దగ్గర చెప్పారు. రేవులో నిలబడ్డాం. పడవ వచ్చింది, వెనకాల నారింజ జెండా. ఎక్కబోతుంటే పక్కనున్న ముసలాయన అక్క మోచేతి దగ్గర చెయ్యి పెట్టి థాయ్‌లో ఏదో అన్నాడు. తల అడ్డంగా ఊపాడు, వేలు వెనక్కి చూపించాడు. పొద్దున ఇస్త్రీ చొక్కా మనిషి చెయ్యి ఇంకా నా కళ్ళ ముందే ఉంది. "వద్దు బాబూ" అని గట్టిగా అని, అక్క చెయ్యి లాక్కుని పడవెక్కేశాను. ఆయన ముఖం చిన్నబోవడం చూశాను కూడా.

చిల్లర వేసిన రేకు గొట్టం గలగలలాడిస్తూ కండక్టరమ్మ వచ్చి టిక్కెట్లిచ్చింది. వంతెనల కింద నుంచి పోతున్నాం. సాతోన్ రావాల్సిన సమయం దాటింది. ముప్పావుగంట తర్వాత పడవలో అందరూ లేచారు. చివరి రేవు, నొంతబురి. బ్యాంకాక్‌ని ఆనుకుని ఉత్తరాన ఉన్న ఊరు. తా చాంగ్ రేవులో ఎగువకీ దిగువకీ పడవలు ఒకే చోట ఆగుతాయి, జెండా రంగు ఒకటే అయినా. ముసలాయన చెప్పింది ఆ ఒక్క ముక్క.

అక్క నన్నేమీ అనలేదు. రేవు ముందు గడియార స్తంభం దగ్గర కూర్చుని, "ఆయన చెయ్యి వణుకుతోందే. పెద్దవాడు. మనకోసం లేచి వచ్చాడు" అంది. అంతకన్నా ఏమన్నా తిట్టినా బాగుండేది. ఒక జాగ్రత్త నేర్చుకున్న పూటే ఒక మంచి మనిషిని తోసేశాను. ఆ రోజంతా తిన్నది గొంతు దిగలేదు.

నొంతబురి దురియన్ తోటలకి పేరున్న ఊరు. సంతలో ముళ్ళకాయలు కోసి అమ్ముతున్నారు. దాన్ని తిని మద్యం తాగితే ప్రాణం పోతుందని అక్కడ గట్టి నమ్మకం. మాకు ఆ భయం లేదు గనక ఒక తొన కొన్నాం. పనసా కాదు, వెన్నా కాదు. వాసన రెండు రోజులు చేతికి ఉంది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర ఫిలిప్పీన్స్ టీచరమ్మ ఒకావిడ ఇంకో సంగతి చెప్పింది. ప్యాలెస్ ఎదురుగా నగర స్తంభం ఉంది. 1782లో మొదటి రామ రాజు ఊరు కట్టిస్తూ పాతించాడు. దాని కింద నలుగురిని సజీవంగా పూడ్చారట. భటులు వీధుల్లో ఇన్, చన్, మన్, ఖోంగ్ అని నాలుగు పేర్లు కేకేస్తూ తిరిగారట, పలికినవాళ్ళని పట్టుకుపోయారట. ఇంటావిడ, "మా అమ్మమ్మ కూడా చెప్పేది, పేరు పెట్టి ఎవరు పిలిచినా వెంటనే పలక్కు అని" అంది. అది జనం నోట నడిచే కథే.

నాకు మాత్రం గోదావరి గుర్తొచ్చింది. 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన కడుతున్నప్పుడు నాకు ఏడేళ్ళు కూడా నిండలేదు. స్తంభాలు నిలబడాలని పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వీధంతా మాట. చీకటిపడితే అక్క నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు. పెద్ద కట్టడం లేస్తుంటే దాని కింద తమ పిల్లలే పడతారని బీదవాళ్ళకి ఎప్పుడూ భయమే. కూలి పనిలో ఎంతమంది నిజంగా పోతారో తలుచుకుంటే ఆ భయం ఉత్తదని నేననలేను.

"మరి మా గురించి మీరేం అనుకుంటారు?" అని అక్క హఠాత్తుగా అడిగింది. ఇంటావిడ తడబడింది. మళ్ళీ అడిగితే తలొంచుకుని చెప్పింది. ఇండియావాళ్ళని వాళ్ళు ఖేక్ అంటారు, అతిథి అన్న అర్థం కూడా ఉంది ఆ మాటకి. పామూ ఖేకూ ఒకేసారి ఎదురైతే ముందు ఖేక్‌ని కొట్టమని ఒక పాత సామెత ఉందట. బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నాకు మా వీధివాళ్ళ నవ్వు గుర్తొచ్చింది. రాజమండ్రి చూడని ఆవిడకి మా గురించి ఆ మాట, బ్యాంకాక్ చూడని మాకు వాళ్ళ గురించి ఆ నవ్వు. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని, "చెప్పావు కదా, చాలు" అంది తెలుగులోనే. ఆవిడకి అర్థమైంది.

ఆవిడ చెప్పిన ఇంకో కథ కోసమే మూడో రోజు వెళ్ళాం. ఫ్రఖనోంగ్ కాలువ ఒడ్డున నాక్ అనే ఆమె ఉండేది. మొగుడు మాక్ యుద్ధానికి పోయాడు. ఆమె కాన్పులో పోయింది, బిడ్డా పోయింది. అతను తిరిగొస్తే ఇంట్లో భార్యా బిడ్డా ఎదురొచ్చారు. ఇరుగుపొరుగు చెప్తే నమ్మలేదు. ఒకరోజు ఆమె చేతిలోని నిమ్మకాయ నేలపలకల సందులోంచి కింద పడింది. ఆమె చెయ్యి సాగి సాగి కిందికి దిగి దాన్ని తీసుకుంది. అది చూసి అతను పారిపోయాడు. 1999లో, 2013లో సినిమాలుగా వచ్చి ఊపేసిన కథ. చెయ్యి సాగిన ముక్క దగ్గర అందరికీ ఒళ్ళు ఝల్లుమంది. అక్క ఒక్కతే, "ఎవరున్నారు దగ్గర? మంత్రసానేనా? రక్తం పోయిందా, బిడ్డ అడ్డం తిరిగిందా?" అని అడిగింది.

ఓన్‌నుట్ స్టేషన్‌లో రైలు దిగి వాట్ మహాబుత్‌కి వెళ్ళాం. గర్భిణులు రాకూడదని ఒకరూ, చల్లని తల్లి అని ఒకరూ చెప్పారు. గుడి వెనక, కాలువ వైపు ఆమె మందిరం. బంగారు రేకులు అంటించిన విగ్రహం, నిజమైన బట్టలు, జుట్టు, పక్కన బిడ్డ. చుట్టూ కొత్త గౌన్లు వేలాడదీశారు. బొమ్మలు, పాలడబ్బాలు, డైపర్లు. ఎదురుగా టీవీ, ఆమె చూడటానికి. బయట లాటరీ టిక్కెట్లవాళ్ళు. నెలకి రెండుసార్లు, ఒకటో తారీఖూ పదహారో తారీఖూ డ్రా. చెట్టు మానుకి పౌడర్ రుద్ది అంకెల కోసం కళ్ళు చిట్లించి చూస్తున్నారు.

అక్క చెప్పులు విప్పి లోపల కూర్చుంది. అరగంట కదల్లేదు. రంపచోడవరం వైపు పనిచేసిన రోజుల్లో వాగు పొంగి జీపు రాక, తన చేతుల్లోనే పోయిన ఇద్దరి పేర్లు చెప్పింది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. లేచేముందు సంచిలోంచి కొత్త చీటీగుడ్డ లంగా ఒకటి తీసి మిగతా బట్టల పక్కన పెట్టింది. మనవరాలికని పహురత్ బజారులో కొన్నది అది.

చివరి సాయంత్రం నాగపూర్ నుంచి కొత్త జంట ఒకటి దిగింది. పాతికేళ్ళ పిల్లలు. వరంగల్ అబ్బాయి అప్పటికి వెళ్ళిపోయాడు. అక్క వాళ్ళని బల్ల దగ్గర కూర్చోబెట్టి, తనకొచ్చిన హిందీలో, ఐసుముక్క గొట్టం దగ్గర నుంచి మొదలుపెట్టింది. ప్యాలెస్ మూసేశారంటే నమ్మకండి అంది. నారింజ జెండా పడవ అంది. ఆగి, మళ్ళీ అంది: "రేవులో ఒక ముసలాయన ఉంటాడు. ఆయన ఏమన్నా చెప్తే వినండి."