ఇంటి కంప్యూటరులో పోయినవి, దొరకినవి

మన పెద్దలు ఇంటిలోని విలువగల వస్తువులను ఒక్కచోట నుంచెడివారు కారు. ధాన్యము గాదెలోను, నగలు భోషాణములోను, దస్తావేజులు రేకుపెట్టెలోను, విత్తనములు బూడిద కలిపి కుండలోను నుండెడివి. ఒకచోట నగ్ని సోకినను, చెద పట్టినను, రెండవచోటిది మిగులునని వారి యాలోచన. నేడు మనము ఆ పద్ధతి విడిచి, ఇంటి లెక్కలు, బిడ్డల ఛాయాచిత్రములు, పెద్దల ఉత్తరములు, పొలము కాగితముల ప్రతులు సర్వమును కంప్యూటరను ఒక్క పెట్టెలో పోసి నిశ్చింతగా నిద్రించుచున్నాము. ఆ పెట్టె ఒకనాటి యుదయమున “నేను మిమ్ము నెఱుగను” అనిన మన గతి యేమి? గడచిన వేసవిలో ఈ ప్రశ్న మా యింట నిజముగనే పుట్టినది. అప్పుడు తెలిసికొన్న సంగతులు సోదరీమణులకు గూడ నుపకరించునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా కొంత వివరణ యవసరము. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ అను వ్యవస్థ యొకటి కలదు. ఇంటిలో గృహిణి యెట్టిదో, యంత్రములో అది యట్టిది. ఏ వస్తు వెచ్చట నున్నదో దానికే తెలియును. ఎవరి కేది కావలెనో అదియే యందించును. మా యింటి యంత్రములోనిది విండోస్. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు, ఈ వ్యవస్థ చెడినపుడు డిస్కులతో పని లేకుండ తన్ను తానే మఱల స్థాపించుకొను నేర్పాటు చేయబడినది. దీనికి రీసెట్ అని పేరు. ఇందులో రెండు మార్గములు గలవు. మొదటిది మన ఫైళ్లను ఉంచి, తక్కిన ప్రోగ్రాములను తీసివేయును. రెండవది సర్వమును తుడిచివేయును. ఇల్లు సున్నము కొట్టించుటకు సామానులు ఒకమూలకు చేర్చుట మొదటిది; సామానులతో సహా పాడుచేసి క్రొత్త యిల్లు కట్టుట రెండవది.

చైత్రమాసమున నొక సాయంకాలము మా రాజమహేంద్రవరములో గాలివాన వచ్చి, కరెంటు పోవుచు వచ్చుచు నుండెను. పదునాలుగేండ్ల మా చిన్నవాడు బడిపని ముగించుకొనవలెనని కంప్యూటరు తెఱచుట, అది లేచులోపల కరెంటు పోవుట, ఇట్లు మూడు పర్యాయములు జరిగెను. విండోస్ వరుసగా రెండు మూడు మారులు పూర్తిగా లేవజాలని యెడల, తనకేదో రోగము వచ్చినదని భావించి, మామూలు తెరకు బదులు చికిత్సకు సంబంధించిన నీలితెరను చూపును. మావాడు ఆ తెరపై రీసెట్ అను మాటను చూచి, బాగుచేయుట యని తలచి నొక్కెను. ఫైళ్లను ఉంచవలెనా తీసివేయవలెనా యని యంత్రమడుగగా, ఉంచుమని చెప్పి పోయి పరుండెను. వానికి ఆ మాత్రపు వివేకము గలుగుట మా యదృష్టము.

మఱునాటి యుదయమున నేను పాలవాని లెక్క వ్రాసికొనుటకు కూర్చుంటిని. తెరపై మా పాత చిత్రము లేదు. వాడుకలోని ప్రోగ్రాములలో నొక్కటియు లేదు. రీసెట్‌లో తీసివేయబడిన ప్రోగ్రాముల పట్టిక గల ఫైలొకటి మాత్రము తెరమీద నుండెను. లెక్కల పుటలు, ఛాయాచిత్రములు డాక్యుమెంట్సు, పిక్చర్సు అను అరలలో యథాస్థానమున నున్నవి. ఇంతవఱకు బాగుగనే యుండెను. కాని మా అత్తగారి పాటలు తెఱచి చూచునప్పటికి నాకు కాళ్లు చల్లబడినవి.

మా అత్తగారు కాలము చేసి మూడేండ్లయినది. ఆమెకు బడిచదువు స్వల్పము. అయినను నలుగుపాటలు, తలుపు దగ్గఱి పాటలు, బంతులాట పాటలు, అలుకపాటలు, అప్పగింతల పాటలు ఆమె కంఠమున ధారగా వచ్చుచుండెడివి. కడపటి రెండేండ్లలో మావారు మధ్యాహ్నపు వేళల ఆమె ప్రక్కన మైకు నుంచి 46 పాటలు కంప్యూటరులోనికి పట్టిరి. అచ్చుపనిలో నున్న మిత్రులొకరు వానిని వ్రాతలో నుంచి యిచ్చిరి. వేఱుగా నొక పెన్‌డ్రైవులో తీసిన ప్రతి, ఆ పెన్‌డ్రైవు పాడగుటచే అంతకు ముందే పోయినది. మా ఆడుబిడ్డ కూతునకు వైశాఖమున వివాహము నిశ్చయమై యుండెను. అప్పగింతల వేళ అమ్మమ్మ గొంతుతోనే పాట వినిపింపవలెనని ఆ పిల్ల కోరిక. ఇప్పుడు వ్రాతప్రతి తెఱచితిమా, తెలుగుమాట యొక్కటియు లేదు. ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగలసి పిచ్చివ్రాతగా నుండెను. పాటల గొంతు ఫైళ్లా, జాడయే లేదు.

మావారు యంత్రమును బజారులోని మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయిరి. అచ్చటివారు రెండు నిమిషములు చూచి, “అంతయు పోయినది. మొత్తము తుడిచి క్రొత్తగా వేసెదము; సాయంత్రమునకు రండి” అనిరి. మావారి కెందులకో మనసొప్పక యంత్రమును వెనుకకు తెచ్చిరి. ఆ తేవడమే మమ్ము రక్షించినది.

పెండ్లికూతురు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. ఆమెకు ఫోను చేయగా, మొదట కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “అత్తయ్యా, దానిలో ఇక నేమియు క్రొత్తగా వేయకండి. ఒక్క పాటయు, ఒక్క బొమ్మయు దింపకండి. రాత్రి నేను ఫోనులో చెప్పినట్లు చూడుడు” అనినది.

ఆమె చెప్పిన కారణము సోదరీమణు లందఱు గుర్తుంచుకొనదగినది. హార్డుడిస్కులో ఒక ఫైలును తుడిచినపుడు, నిజముగా దానిలోని విషయము వెంటనే చెరగిపోదు. పుస్తకములో విషయసూచికనుండి ఒక శీర్షికను కొట్టివేసినట్లగును. లోపలి పుట అట్లే యుండును. అయితే ఆ పుట ఖాళీయని యంత్రము తలచి, క్రొత్త విషయము వచ్చినపుడు దానిపై వ్రాసివేయును. అందుచే పోగొట్టుకొన్న పిమ్మట ఎంత తక్కువ వాడిన అంత మేలు. వెదకి తీయు ప్రోగ్రామును గూడ వేఱొక డిస్కునుండియే నడుపవలెను గాని, అదే డిస్కులో వేయరాదు. ఎస్‌ఎస్‌డీ యను క్రొత్తరకము నిలువసాధనములలో నింకొక చిక్కు గలదు. తుడిచిన భాగమును ట్రిమ్ అను నాజ్ఞచే ఆ సాధనమే త్వరలో నిజముగా ఖాళీ చేసికొనును. అప్పుడు దొరకుట దుర్లభము.

ఆ రాత్రి పరీక్ష వరుసగా సాగినది. నిజముగా వ్యవస్థ మఱల స్థాపింపబడినదా యనునది మొదటి ప్రశ్న. సెట్టింగులలో సిస్టమ్, అందులో అబౌట్ అను పుట తెఱచిన, వ్యవస్థ స్థాపింపబడిన తేదీ కనబడును. మా యంత్రమున ముందునాటి తేదీ యుండెను. పెద్ద క్రొత్త సంచికకు మారినపుడు గూడ నీ తేదీ మారును గనుక, దీనినొక్కదానినే నమ్మరాదు. కొన్ని వేళల వ్యవస్థ మారకయే, మన ఖాతా చెడి, యంత్రము తాత్కాలికపు ఖాతాతో తెఱచుకొనును. అప్పుడును తెర క్రొత్తగనే తోచును. కాని సీ డ్రైవులో యూజర్స్ అను అరను తెఱచిన మన పాత పేరుతో గది, అందు మన సామాను భద్రముగా నుండును. అట్టి స్థితిలో తాత్కాలికపు ఖాతాలో నేమియు వ్రాసి దాచుకొనరాదు. బయటికి రాగానే అది మాయమగును. మాకు ఖాతా సరిగనే యున్నది, ప్రోగ్రాములు లేవు, తీసివేతల పట్టిక యున్నది. కావున ఇది రీసెట్టే యని తేలినది.

రెండవ ప్రశ్న వ్రాతప్రతిని గూర్చినది. దీని కారణము విని నేను నవ్వుకొంటిని. అచ్చాఫీసులలో చిరకాలముగా వాడుచున్న తెలుగు ఫాంటులు కొన్ని, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపముల నుంచి చేసినవి. ఆ ఫాంటు యంత్రములో నున్నంత కాలము తెలుగు కనబడును. అది పోయినచో లోపలి ఇంగ్లీషు గుర్తులు బయటపడును. రీసెట్ మేము వేసికొన్న ఫాంటును గూడ తీసివేసినది. అచ్చుపని మిత్రు లాఫాంటును మఱల పంపగా, క్షణములో నలుగుపాటలు తెరపై తెలుగై నిలిచినవి. ముసుగు మారినది గాని మనిషి మారలేదు.

ఈ బాధకు శాశ్వతమైన మందు యూనికోడ్. ఇందు తెలుగు అక్షరములకు తమవైన స్థానములే కలవు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికయందే తెలుగునకు 128 స్థానముల గది యేర్పడినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను పేర యూనికోడ్ తెలుగు ఫాంటు గూడ వచ్చినది. మా గోదావరి పేరు గనుక నాకు దానిపై మక్కువ. యూనికోడులో వ్రాసినది ఈ యంత్రమున నైనను, ఫోనున నైనను, ఏ ఫాంటు మారినను తెలుగుగనే యుండును. పాత ఫాంటులలో నున్న వ్రాతలను యూనికోడునకు మార్చు సాధనములు గలవు. మేమా 46 పాటలను అట్లే మార్చి, తప్పులు దిద్దుకొంటిమి.

మూడవది, కష్టమైనది, గొంతు. మావారు పాటలు పట్టిన ప్రోగ్రాము, వానిని డాక్యుమెంట్సులో నుంచక, ఆప్‌డేటా యను తన మఱుగు అరలో దాచుకొనెడిదట. ఫైళ్లను ఉంచు రీసెట్ ఈ అరను ఉంచదు. అయితే పాత వ్యవస్థను వెంటనే పారవేయదు; విండోస్.ఓల్డ్ అను పేరుతో సీ డ్రైవులో నొక గదిలో పడవేయును. సున్నము వేయునపుడు పెరటి కొట్టములో చేర్చిన సామాను వంటి దన్నమాట. ఆ కొట్టము నిత్యముండదు. కొన్నాళ్లకు వ్యవస్థయే దానిని తుడిచివేయును. క్రొత్త సంచికకు మారినపుడు సాధారణముగా గడువు 10 దినములు. చోటు చాలలేదని డిస్కును శుభ్రపఱచు సాధనమును నడిపినచో నంతకుముందే పోవును. దుకాణమువారు తుడిచియుండిన అప్పుడే పోయెడిది.

పిల్ల ఫోనులో చెప్పుచుండగా మావారు మఱుగు ఫైళ్లను చూపుమని యంత్రమున కాజ్ఞ యిచ్చి, విండోస్.ఓల్డ్ తెఱచి, యూజర్స్, దానిలో తమ పేరు, దానిలో ఆప్‌డేటా, ఇట్లు గదిలో గదిగా పోయిరి. ఒకచోట ప్రవేశమునకు అనుమతి లేదనినది. కంటిన్యూ అను దానిని నొక్కగా దారి యిచ్చినది. కడపటి అరలో తేదీలే పేరులుగా గల ఫైళ్ల వరుస కనబడినది. లెక్కించితిమి, 46. ఒకదానిని తెఱచితిమి. మొదట గొంతు సవరించుకొన్న సవ్వడి, పిమ్మట “మైకు సరిగా పెట్టినావురా?” అను ప్రశ్న, పిమ్మట పాట. అవతల ఫోనులో పిల్ల యేడ్చుచుండెను. మా చిన్నవాడు ముందురోజునుండి తలయెత్తి మాటాడనివాడు, నాయనమ్మ గొంతు విని మెల్లగా వచ్చి నా ప్రక్కన కూర్చుండెను. వైశాఖములో ఆ పాట పందిటిలో వినిపించినది.

ఇక సోదరీమణులు చేసికొనదగిన యేర్పాట్లు చెప్పెదను. ప్రతులు దాచుటకు 3-2-1 అను సూత్రమొకటి కలదు. అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ దీనిని ప్రచారములోనికి తెచ్చెను. ముఖ్యమైన ప్రతి విషయమునకు మూడు ప్రతులు, రెండు వేఱువేఱు సాధనములపై, అందొకటి వేఱొక యింట నుండవలెను. సీ, డీ యను రెండు డ్రైవులు పెక్కు యిండ్ల యంత్రములలో ఒకే డిస్కు నడుమ గోడ కట్టి చేసినవి. డిస్కు చెడిన రెండును పోవును. కావున డీలో నుంచినంత మాత్రమున ప్రతి దాచినట్లు కాదు. మేమిప్పుడు పాటలను ఒక బయటి హార్డుడిస్కులోను, ఆడుబిడ్డగారి యింట మఱియొకదానిలోను ఉంచితిమి.

వ్యవస్థను క్రొత్తసంచికకు మార్చుకొనుటకు ముందుగూడ ప్రతి తీయుట మంచిది. 2018 అక్టోబరులో విండోస్ 10 యొక్క 1809 సంచిక వెలువడినపుడు కొందఱి పత్రములు మాయమగుటచే, మైక్రోసాఫ్టువారు పంపిణీ నిలిపి, దోషము దిద్ది నవంబరులో మఱల విడుదల చేసిరి. అంత పెద్దవారికే తప్పనిది మన యిండ్లకు తప్పునా? డిస్కునకు బిట్‌లాకర్ అను తాళము వేసియున్న యెడల, చికిత్స వేళ యంత్రము 48 అంకెల తాళపుసంఖ్య నడుగవచ్చును. దానిని ముందే కాగితముపై వ్రాసి పత్రముల పెట్టెలో నుంచుడు. కరెంటు నిలుకడలేని యూళ్లలో చిన్న యూపీఎస్ యొకటి అవసరము. ఏ ప్రోగ్రాము తన ఫైళ్లను ఎచ్చట దాచుచున్నదో ఒకసారి చూచుకొనుడు. బిడ్డలకు గూడ, తెలియని తెర కనబడినపుడు నొక్కక పెద్దలను పిలువవలెనని భయపెట్టకుండ చెప్పుడు. భయపడిన బిడ్డ జరిగినది దాచును, దాచినచో గడువు దాటిపోవును.

ఆవకాయ జాడీకి తడి తగులనీయని జాగ్రత్త మనకు పుట్టుకతో వచ్చినది. ఆ జాగ్రత్తనే యీ క్రొత్త జాడీకి గూడ చూపవలెను. యంత్రము నేడు గాకున్న నొకనాడు చెడును. దానిని మఱల కొనవచ్చును. పోయినవారి గొంతును కొనలేము. ఈ మాసములోనే యొక ఆదివారము కూర్చుండి, మీ యింటిలో అట్టి దేదియున్నదో దానికి రెండవ ప్రతి తీసి, వేఱొక యింట దాచి రండు.