పెరటిలో పొన్నగంటి

మా గోకుంద ఉన్న కిన్వట్ తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. జిల్లా మారినా, మా వంటింట పొన్నగంటి కూర మారలేదు. అయితే చేలగట్లమీద కలుపుమందులు కొట్టడం మొదలయ్యాక, అక్కడి ఆకు కోయడానికి భయపడి, పెరటిలోనే పెంచుకుంటున్నాము.

దీనికి విత్తనాలక్కరలేదు. కుళాయి దగ్గరి తడినేలలో, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు జానెడు కాడలు నాటితే చాలు. కణుపుకణుపునా వేళ్లు దిగుతాయి. చిగుళ్లు కోసినకొద్దీ గుబురుగా వస్తుంది. తెచ్చే కాడను మాత్రం చూసుకోవాలి: తెల్లపూలు కణుపునంటి పూస్తేనే పొన్నగంటి, పొడవాటి తొడిమమీద పూస్తే వేరు జాతి.

మా పిల్లల చదువు మరాఠీలో. అయినా పెసరపప్పుతో వండిన ఈ కూరను తెలుగు పేరుతోనే అడుగుతారు. మొక్క పోతే ఆ పేరూ పోతుంది. అందుకే పొరుగువారడిగితే కాడతోబాటు పేరుకూడా చెప్పి పంపుతున్నాము.