కప్పు కింద ఆట

బందరు అనగానే చాలామందికి నోట్లో నీళ్ళూరతాయి. తొక్కుడు లడ్డూ, హల్వా గుర్తొస్తాయి. కానీ ఈసారి నేను చెప్పబోయేది మిఠాయి సంగతి కాదు, ఓ టెన్నిస్ పోటీ సంగతి. బందరుకీ టెన్నిస్‌కీ ఏమిటమ్మా సంబంధం అని నవ్వకండి. పైపెచ్చు ఆ పోటీ జరిగింది బందరులో కూడా కాదు, కలకత్తాలో. అదీ మూడంటే మూడేళ్ళు జరిగి ఆగిపోయింది. అయినా దాని గుర్తు ఒకటి దివిసీమలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న మా పుట్టింటి ఊళ్ళో ఇంకా మిగిలే ఉంది. మొన్న సంక్రాంతి వెళ్ళాక రెండు రోజులు వీలు చేసుకుని దాన్ని చూసి వచ్చాను. ఆ ప్రయాణం కబుర్లే ఇవి.

వచ్చిపోయిన వాటి ఊరు

నేను బందరు కోడల్ని. కాపరానికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ ఊరికున్న ఓర్పు మరే ఊరికీ లేదనిపిస్తుంది నాకు. ఒకప్పుడు ఇక్కడి రేవులోంచి కలంకారీ బట్టలు ఓడలెక్కి పర్షియా దాకా పోయేవి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. డచ్చివాళ్ళు వచ్చారు, ఫ్రెంచివాళ్ళు వచ్చారు, అందరూ వెళ్ళిపోయారు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో ఊళ్ళోనూ చుట్టుపక్కలా కలిపి ముప్ఫై వేలమంది పోయారని చెబుతారు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఈ ఊళ్ళో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కూడా 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా అత్తగారి పాసుపుస్తకం మాత్రం ఇంకా బీరువాలో పసుపు కుంకాల పక్కన భద్రంగా ఉంది.

అంచేత, ఎక్కడో ఒక పోటీ మూడేళ్ళు జరిగి మూతపడిందంటే బందరువాళ్ళకి పెద్ద వింత కాదు. పోయింది పోగా ఏం మిగిలిందీ అన్నదే మాకు లెక్క.

గుడివాడ ప్లాట్‌ఫారం మీద

పొద్దున్నే రైలెక్కాను. చిలకలపూడి వచ్చింది. రోల్డుగోల్డు నగలకి పేరున్న ఊరు. పెళ్ళిళ్ళకి అసలు బంగారం పెట్టలేని తల్లుల పరువు ఎన్నిసార్లు నిలబెట్టిందో! తరవాత పెడన. కలంకారీ అద్దకానికి ఇప్పటికీ పుట్టిల్లు అదే. అక్కణ్ణించి కవుతరం, గుడ్లవల్లేరు. కోతలైపోయిన చేలల్లో మినుము మొక్క పచ్చగా పరుచుకుని ఉంది. సుమారు గంట ప్రయాణంతో గుడివాడ జంక్షను. ఇక్కణ్ణించి ఒక దారి భీమవరానికి, ఒకటి బెజవాడకి, ఒకటి మా బందరుకి.

ప్లాట్‌ఫారం మీద మా మేనకోడలు నిలబడి ఉంది, భుజాన టెన్నిస్ రాకెట్ల సంచీతో. మా అన్నయ్య కూతురు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఈ గుడివాడలోనే ఒక స్కూల్లో డ్రిల్లు టీచరు. పిల్లలు "డ్రిల్లు మేడం" అంటారట.

"అత్తా, టిఫిను చేశావా?" అంది.

"చేశాలే. ముందు బస్సు చూడు," అన్నాను. దివిసీమకి రైలు లేదు మరి. పామర్రు వెళ్ళి బస్సు మారాలి.

పామర్రు సెంటర్లో చెరుకురసం తాగుతుంటే అది బెజవాడ రోడ్డు వైపు చెయ్యి చూపించింది. "అటు పోతే ఉయ్యూరు. సాకేత్ మైనేని పుట్టిన ఊరు" అంది. 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో జతకట్టి మిక్స్‌డ్ డబుల్స్‌లో బంగారు పతకం తెచ్చాడే, ఆ అబ్బాయి. ఉయ్యూరంటే చక్కెర ఫ్యాక్టరీ అని మాత్రమే తెలిసిన నాకు ఆ మాట వింటే గర్వంగా అనిపించింది.

సానియా పేరు వచ్చింది కాబట్టి అసలు కథలోకి వెళ్దాం.

పేపర్లో ఫొటో

హైదరాబాదులో 2003 నుంచి 2005 దాకా, ఏటా ఫిబ్రవరిలో ఆడవాళ్ళ అంతర్జాతీయ టెన్నిస్ పోటీ జరిగింది. మొదటి ఏడు థాయిలాండ్ అమ్మాయి తమరిన్ తనసుగర్న్ గెలిచింది. రెండో ఏడు ఆస్ట్రేలియాకి చెందిన నికోల్ ప్రాట్. మూడో ఏడు మన సానియా. అప్పటికి ఆమెకి 18 ఏళ్ళు. డబ్ల్యు.టి.ఎ. స్థాయి పోటీలో సింగిల్స్ గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమే. ఆ తరవాత హైదరాబాదులో ఆ పోటీ జరగలేదు. 2006 నుంచి బెంగుళూరులో పెట్టారు.

ఆ ఫిబ్రవరిలో సానియా ఫొటో రాని పేపరు లేదు. మా మేనకోడలికి అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఫొటో కత్తిరించి పుస్తకంలో దాచుకుంది. మారాం చేసి నాన్న చేత బెజవాడ నుంచి పాత రాకెట్టు ఒకటి తెప్పించుకుంది. కుప్ప నూర్చిన కళ్ళంలో ఆట మొదలుపెట్టింది. సముద్రపు గాలికి బంతి సగంసార్లు కాలవలో పడేది.

మా అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "ఎండలో ఆడి నల్లబడితే రేపు ఎవరు చేసుకుంటారే? ఇంట్లోకి రా!" అని కేకలు. రాకెట్టు తీసుకెళ్ళి ధాన్యం గాదె వెనక దాచేసింది. మేం కూడా నాయనమ్మ చాదస్తం అనే అనుకున్నాం.

కలకత్తా దీపాలు

హైదరాబాదు పోటీ ఆగిన ఏడే, 2005 సెప్టెంబరులో, కలకత్తాలో కొత్త పోటీ మొదలైంది. పేరు సన్‌ఫీస్ట్ ఓపెన్. అవును, ఆ బిస్కెట్ల పేరే. సెప్టెంబరంటే కలకత్తాలో ఇంకా వానాకాలం. ఆరుబయట పెడితే ఆట సాగదు. అందుకని ఈడెన్ గార్డెన్స్ దగ్గరున్న నేతాజీ ఇండోర్ స్టేడియంలో పెట్టారు. 1975లో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు జరిగిన స్టేడియం అది. సుమారు పన్నెండు వేలమంది కూర్చోవచ్చు. కప్పు కింద ఆటలో ఎండ కళ్ళలో పడదు, గాలికి బంతి పక్కకి పోదు. అంచేత గెలిచినా ఓడినా వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

మొదటి ఏడు రష్యా అమ్మాయి అనస్తాసియా మిస్కినా గెలిచింది. అంతకు ముందు ఏడు, అంటే 2004లో, ఫ్రెంచి ఓపెన్ గెలిచిన మనిషి. రెండో ఏడు, 2006లో, స్విట్జర్లాండ్ నుంచి మార్టినా హింగిస్ వచ్చింది. పదహారేళ్ళకే వింబుల్డన్ గెలిచి, ఇరవై రెండేళ్ళకి ఆట మానేసి, ఆ ఏడే మళ్ళీ ఆడటం మొదలుపెట్టిన హింగిస్. సెమీ ఫైనల్లో సానియాతో ఆట పడింది.

దసరాలకి నేను పుట్టింట్లో ఉన్నాను. హాల్లో టీవీ ముందు పిల్ల కూర్చుంది. మా అమ్మ పక్కన చాప మీద గోంగూర వలుస్తోంది. కాసేపటికి అమ్మ చెయ్యి ఆగింది.

"వీళ్ళకి ఎండ తగలదేమే?" అంది.

"ఇది కప్పు కింద ఆట నాయనమ్మా. పైనంతా మూసేసి ఉంటుంది."

"ఇన్ని దీపాలా! వానొస్తేనో?"

"వానొచ్చినా ఆడుకోవచ్చు."

అమ్మ కాసేపు టీవీ వంకే చూసి, "గట్టి కప్పేనా?" అంది. మేమంతా పగలబడి నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజు సానియా 6-1, 6-0 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. పిల్ల ఒకటే ఏడుపు. అన్నం తినను పొమ్మంది. మా అమ్మ పళ్ళెం తీసుకొచ్చి ముందు పెట్టింది. "ఏడిస్తే పోయింది వెనక్కొస్తుందా? లేచి తిను. రేపు మళ్ళీ ఆడుతుందిలే" అంది.

అలాగే అయింది. సింగిల్స్ హింగిస్ గెలుచుకున్నా, డబుల్స్‌లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి సానియా గెలిచింది. ఆపై వారమే సియోల్‌లో అదే హింగిస్‌ని సింగిల్స్‌లో ఓడించింది. తొమ్మిదేళ్ళ తరవాత, 2015లో, వాళ్ళిద్దరూ జతగా వింబుల్డన్ డబుల్స్ గెలవడం మీకందరికీ గుర్తుండే ఉంటుంది.

దసరా సెలవులు అయిపోతుండగా ఒక ఉదయం అమ్మ గాదె వెనక నుంచి రాకెట్టు తీసి పిల్ల చేతిలో పెట్టింది. "రా అమ్మడూ, మనూళ్ళోనూ కప్పుంది" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

తుఫాను షెల్టరు

కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గరికొచ్చేసరికి కృష్ణమ్మ కనబడింది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి బస్సులోంచే దణ్ణం పెట్టుకున్నాం. అవనిగడ్డలో దిగి ఆటో మాట్లాడుకుని నాగాయలంక వైపు వెళ్ళాం. ఇంటికి చేరేసరికి వదిన గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండి ఉంచింది. రొయ్యల్ని ముందు పొడిగా వేయించి, తలలు తుంచి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగితే ఇసుక పోతుందట. గుర్తు పెట్టుకోండి.

సాయంత్రం షెల్టరు దగ్గరికి వెళ్ళాం. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమ ఊళ్ళల్లో కట్టించిన సిమెంటు మేడల్లో అదొకటి. నీళ్ళొచ్చినా కింద నుంచి పోవాలని స్తంభాల మీద లేపి కట్టారు. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు అధికారిక లెక్కలోనే పదివేలకి దగ్గర. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మాది తాటాకిల్లు. ముందు కప్పు ఎగిరిపోయింది. తరవాత నీళ్ళొచ్చాయి. అమ్మ ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుంది. తెల్లారేసరికి నేనొక్కదాన్నే ఆ చేతిలో ఉన్నాను.

స్తంభాల మధ్య నీడలో చల్లగా ఉంది. మెట్ల పక్కనున్న గోడ మీద, నేల నుంచి మూడడుగుల ఎత్తున, అడ్డంగా ఒక తెల్లటి సున్నపు గీత. టెన్నిస్ నెట్టు మధ్యలో ఉండాల్సిన ఎత్తు అది. 2006లో మా అమ్మ కొలిపించుకుని, ముగ్గు గీసినట్టు తన చేత్తో గీసిన గీత. పిల్ల రోజూ సాయంత్రం ఆ గీత పైకి బంతి కొట్టేది. అమ్మ మెట్ల మీద కూర్చుని తమలపాకులు నములుతూ కాపలా కాసేది. ఆరేళ్ళయింది అమ్మ పోయి. ఏటా సంక్రాంతికి ఇంటికి సున్నం వేసేటప్పుడు మా మేనకోడలు వచ్చి ఆ గీత మీద మళ్ళీ సున్నం దిద్దుతుంది. నేను చూడాలని వచ్చిన గుర్తు ఇదే.

"అత్తా, నాయనమ్మ నల్లబడతానని గోల పెట్టేది చూడు. ఆవిడ భయం ఎండ గురించి కాదు" అంది పిల్ల.

"మరి?"

"ఒకరోజు ఇక్కడే చెప్పింది. పైన కప్పు లేని చోట పిల్లలు కనబడితే గుండె ఆగినట్టుంటుందట. ఆకాశాన్ని నమ్మను అంది."

నేను మెట్ల మీద కూలబడ్డాను. "గట్టి కప్పేనా?" అని అడిగినప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా. ఆ రాత్రి ఆ చేతిలో ఉన్నదాన్ని నేను. నాకైనా అర్థం కావాల్సింది.

కలకత్తా పోటీ 2007లో మూడోసారి జరిగింది. రష్యా అమ్మాయి మరియా కిరిలెంకో గెలిచింది. 2008లో జరగలేదు, ఆపైన మళ్ళీ రాలేదు. ఇలాంటి పోటీలకి స్టేడియం ఒక్కటే ఉంటే చాలదు. డబ్బు పెట్టేవాళ్ళుండాలి, ప్రపంచ పోటీల క్యాలెండర్లో ఆ వారం మనకి దక్కాలి. రెండింట్లో ఏది తప్పినా అంతే. బెంగుళూరు పోటీ కూడా 2008లో సెరెనా విలియమ్స్ గెలిచాక ఆగిపోయింది. ఆ స్థాయి పోటీ మళ్ళీ మన దేశానికి రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. 2022 సెప్టెంబరులో చెన్నైలో జరిగితే చెక్ దేశపు పదిహేడేళ్ళ పిల్ల లిండా ఫ్రువిర్తోవా గెలిచింది.

మా మేనకోడలు ఛాంపియనేం కాలేదు. కాలేజీ రోజుల్లో కొన్ని పోటీలు ఆడింది, కొన్ని గెలిచింది. డ్రిల్లు టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. "నాకు ఆ కప్పు రాలేదు కానీ ఈ కప్పు దొరికింది కదత్తా" అని పైకి చూపించి నవ్వుతుంది.

మేం మాట్లాడుకుంటుండగానే ముగ్గురు ఆడపిల్లలు పరిగెత్తుకొచ్చారు. సంచీలోంచి రాకెట్లు తీసి ఇచ్చింది. ఒక పిల్ల వాళ్ళమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని వచ్చి మెట్ల మీద, సరిగ్గా మా అమ్మ కూర్చునే చోట, కూర్చుంది. "చీకటి పడేదాకా ఇక్కడే ఆడుకోమనండి మేడం. కప్పు కిందైతే నాకు బెంగుండదు" అంది.

బంతి గోడకి తగిలిన చప్పుడు స్తంభాల మధ్య మారుమోగుతూ ఉంటే, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

వెళ్ళాలనుకునేవారికి: బెజవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డకి బస్సులున్నాయి. బందరు నుంచీ ఉన్నాయి. రైల్లో రావాలంటే గుడివాడలోనో బందరులోనో దిగి బస్సెక్కాలి. దారిలో కూచిపూడి, మోపిదేవి గుడి చూడొచ్చు. కోడూరు మీదుగా హంసలదీవి వెళితే వేణుగోపాలస్వామి గుడి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడొచ్చు. నవంబరు తుఫానుల నెల కాబట్టి సంక్రాంతి తరవాత వెళ్ళడం మంచిది. తిరిగొచ్చేటప్పుడు బందరులో లడ్డూ కొనుక్కోవడం మాత్రం మరవకండి!