సోయకూరకు వేరే తేదీ

మినియాపోలిస్‌లో మా తెలుగువాళ్ల పెరటితోటలు మెమోరియల్ డే కోసం కాచుకుని ఉంటాయి. మే ఆఖరి సోమవారం దాటితేగానీ బెండ, వంగ, టమాటా బయట పెట్టం. సోయకూరకూ అదే లెక్క కట్టాను. మొలకలైతే వచ్చాయి. జానెడు ఎదిగాయో లేదో, కాడలు సాగి పూతకొచ్చేశాయి. పెసరపప్పులో వేద్దామంటే ఆకే లేదు.

విత్తనాల్ని అనుమానించాను. తప్పంతా తేదీదే. సోయ చల్లదనం కోరే పంట. ఎండ ముదిరి, పగలు సాగేకొద్దీ పూతకు తొందరపడుతుంది. జూన్‌లో హైదరాబాద్‌లో పగలు 13 గంటల పైచిలుకు, ఇక్కడ 15 గంటలు దాటుతుంది. ఆకు వేసుకోవాల్సిన చల్లటి వారాలన్నీ నేనే పోగొట్టాను.

తర్వాతి వసంతంలో ముందుగానే ఇంట్లో కుండీల్లో నారు పోశాను. సోయకు లోతుగా దిగే తల్లివేరు ఉంటుంది, నాటేటప్పుడు కదిలితే ఓర్చుకోదు. చాలావరకు వాడిపోయాయి.

ఇక నేరుగా నేలలోనే అనుకుని, మార్చిలో నాలుగు వెచ్చటి రోజులు చూసి చల్లేశాను. చిత్తడి మట్టిలో కొన్ని కుళ్లాయి. మొలిచినవి ఏప్రిల్‌లో నేల గడ్డకట్టిన ఒక రాత్రికి పోయాయి. సోయ తేలికపాటి ఫ్రాస్ట్‌కు తట్టుకుంటుందన్న మాటను, ఎంత చలికైనా తట్టుకుంటుందని అర్థం చేసుకున్నాను.

ఆఖరి ఫ్రాస్ట్ తేదీని కూడా గీత గీసినట్టు నమ్మాను. మాకు అది సుమారుగా ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారం. ఏళ్ల తరబడి లెక్కల్లోంచి తీసిన మధ్యస్థపు తేదీ కాబట్టి, దాదాపు సగం ఏళ్లలో ఆ తర్వాత కూడా ఫ్రాస్ట్ పడుతుంది. పైగా ఆ లెక్క విమానాశ్రయానిది. మా పెరడు పల్లంలో ఉంది. రాత్రి చల్లగాలి జారి వచ్చి అక్కడే నిలుస్తుంది. ఎవరి పెరటి చలి వాళ్లే రాసిపెట్టుకోవాలని అందరికీ చెబుతుంటాను.

ఇప్పుడు ఆ తేదీకి వారం పది రోజుల ముందు, వేలెడు లోతు మట్టి 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక, పావు అంగుళం లోతునే విత్తుతాను. మొలవడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. మొలక తల ఎత్తేసరికి గట్టి చలి చాలావరకు వెళ్లిపోతుంది. ఒకవేళ వస్తే దుప్పటి కప్పుతాను. రెండు మూడు వారాలకోసారి మరికొన్ని గింజలు చల్లి, నడి వేసవిలో ఆపేస్తాను. ఆగస్టు మధ్యలో మళ్లీ విత్తితే, పగలు తగ్గుతుండటంతో ఆకు తాపీగా, దట్టంగా ఎదుగుతుంది. ఏడాది మొత్తంలో మంచి సోయకూర అదే.