సోకు

ఏప్రిల్ 14 సాయంత్రం ఒక హాస్టల్‌లో మాట్లాడి వస్తున్నాను. కేకు కోయడం, జై భీమ్‌లు, సెల్ఫీలు అన్నీ అయిపోయాయి. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే పీజీ మొదటి సంవత్సరం తమ్ముడొకడు వచ్చి నిలబడ్డాడు. చాలా మర్యాదగానే అడిగాడు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. మీరు మాట్లాడింది బాగుంది. కానీ మనవాళ్ళ కష్టాల గురించి చెప్పేటప్పుడు ఈ పట్టుచీర, లిప్‌స్టిక్... కొంచెం సింపుల్‌గా వస్తే జనానికి దగ్గరగా ఉంటుంది కదా?"

అది పట్టు కాదు నాయనా, మంగళగిరి నూలు, నిజాం బోర్డరు అన్నాను. నవ్వేసి బస్సెక్కాను. ఆ బస్సులో తెనాలి దాకా వాడి ప్రశ్నే. వాడు చెడ్డవాడు కాదు. వాడి కళ్ళల్లో నా మీద గౌరవమే ఉంది. అందుకే జవాబు బాకీ పడ్డాననిపించింది. ఈ వారం రాయాలనుకున్నది వేరే. అది పక్కన పెట్టి ఈ బాకీ తీరుస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి. నేను చెప్పాలంటే మా అమ్మ దగ్గర నుంచి మొదలెట్టాలి.

పత్రికల్లో స్త్రీల పేజీల్లో "వర్కింగ్ మదర్" అని రాస్తారు. ఆఫీసుకి ఏ చీర, లంచ్ బాక్సులో ఏ కూర, మీకంటూ పది నిమిషాలు మిగుల్చుకోవడం ఎలా, ఇట్లాంటివి. ఎమ్.ఏ. చదివేటప్పుడు హాస్టల్ రీడింగ్ రూములో అవి చదివి, ఇదేదో మనకి సంబంధం లేని జాతి అనుకునేదాన్ని. మా అమ్మ పనికి వెళ్ళే తల్లి అని నాకు తట్టనే లేదు. గట్టు మీద తుమ్మచెట్టుకి పాతచీర ఉయ్యాల కట్టి, అందులో నన్ను వేసి, నాట్లేసిన మనిషి. ఏడిస్తే మడిలోంచి బురదకాళ్ళతో వచ్చి పాలిచ్చి మళ్ళీ దిగేది. ఆమెను వర్కింగ్ మదర్ అని ఏ పేజీ పిలవలేదు. కూలామె అన్నారు, అంతే.

మాది కృష్ణా కాలవ కింద ఊరు. వరి, మినుము, పసుపు. దుగ్గిరాల పసుపు యార్డు పేరు మీరు వినే ఉంటారు. ఎండాకాలం ముందు నుంచీ పసుపు పని. తవ్వాలి, మట్టి దులపాలి, కొమ్ములూ దుంపలూ విడదీయాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి. మేం మందిరానికి పోయేవాళ్ళం. మా అమ్మ పసుపు రాసుకోదు, బొట్టు పెట్టుకోదు. కానీ ఆ నెలల్లో ఆమె చేతులు మోచేతుల దాకా పసుపే. గోళ్ళల్లో పసుపు. నా గౌన్ల మీద పసుపు వేళ్ళ గుర్తులు. ఊళ్ళో ముత్తయిదువులు ముఖానికి రాసుకునే పసుపంతా మా వాడ ఆడవాళ్ళ చేతుల మీదుగా పోయిందే. పేరంటానికి మాత్రం పిలుపుండదు.

ఆ మనిషికి ఒక సోకు ఉంది. పాండ్స్ పౌడరు.

అన్నం క్యారేజీ సంచిలో అడుగున, గుడ్డలో చుట్టి, చిన్న డబ్బా ఉండేది. పనికి పోయేటప్పుడు పూసుకునేది కాదు. పని దిగాక, కాలవ దగ్గర కాళ్ళూ చేతులూ మొహం కడుక్కుని, జుట్టు తడి చేసి మళ్ళీ ముడేసుకుని, అప్పుడు పూసుకునేది. కొంగుతో అద్దుకుని నన్నడిగేది: "తెల్లగా ఉందా, సరిపోయిందా?" మిగతా ఆడవాళ్ళు గట్టు మీద కూచుని ఆకూ వక్కా వేసుకునేవాళ్ళు. పది నిమిషాలు. ఆ తరవాతే ఊళ్ళోకి నడక. పొలం నుంచి మా వాడకి పోవాలంటే పెద్దవీధి దాటాలి. అరుగుల మీద మనుషులు కూచునుంటారు. పౌడరు ఆ వీధి కోసం. ఎండలో మాడి, బురద కొట్టుకుని, పొద్దంతా వంగిన మనిషి, వాళ్ళ కళ్ళ ముందు నుంచి మాత్రం కడిగిన మొహంతో నడిచిపోవాలి. ఇది నాకు ఆరేడేళ్ళప్పుడు అర్థం కాలేదు. పీహెచ్‌డీ అయ్యాక అర్థమైంది. దానికి డాక్టరేట్ దాకా పోవాలా అంటే, నాకు పట్టింది మరి.

ఒకరోజు ఆలస్యమై పొద్దున్నే పౌడరు పూసుకుని చేలోకి పోయింది. ముందురోజు రాత్రి ఎవరిదో పెళ్ళి, అక్కణ్ణుంచే వచ్చింది. ఆసామి భార్య గట్టు మీద నిలబడి అంది: "ఏమే, కూలికొచ్చావా, సినిమాకొచ్చావా?" అందరూ నవ్వారు. మనవాళ్ళు కూడా నవ్వారు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో సామెతలాగా ఉంది. నేను కొత్త చీర కట్టుకుని కాలేజీకి బయల్దేరితే అమ్మ వాకిట్లో నిలబడి అదే గొంతుతో, "ఏమే, కూలికా, సినిమాకా?" అంటుంది. ఆమె నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు మీద ఒక థీసిస్ రాయొచ్చు.

సినిమా అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా పక్కనే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. గొడవ రాజుకుంది ఎక్కడంటే సినిమా హాల్లో. చదువుకున్న మన కుర్రాడి కాలు పెద్దకులం కుర్రాడికి తగిలింది. అంతే. సినిమా టిక్కెట్టు కొనుక్కుని, ఇస్త్రీ బట్టలేసుకుని, అందరితో పాటు కూచున్నాడు. ఆ కాలు తగలకపోతే ఇంకోటి తగిలేది. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ సంగతులు మీకు తెలుసు. మీకు తెలియనిది, అప్పుడు మా వాడలో ఏం జరిగిందో. పెద్దవాళ్ళు పిల్లలకి సినిమాలు మానిపించారు. మా అమ్మకి అప్పటిదాకా నెలకో సినిమా. ఆ తరవాత చాలా ఏళ్ళు హాలు మొహం చూడలేదు. పౌడరు డబ్బా మాత్రం సంచిలో ఉంది.

పాస్టరు గారు కూడా ఊరుకునేవాడు కాదు. ఆదివారం పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం తీసేవాడు, బయటి అలంకారం వద్దు, లోపలిదే ముఖ్యమని. మా అమ్మ తెల్ల లేసు చీర ముసుగేసుకుని, మెడకంతా పౌడరు పూసుకుని, ముందు వరసలో కూచుని ఆమెన్ అనేది. ఇంటికొచ్చాక "పేతురు గారి పెళ్ళాన్నడగాల ఆ మాట" అనేది.

ఇదంతా చదివి, అయ్యో పాపం, పేదరాలి చిన్న సరదా అనుకోకండి. నేను చెప్పేది అది కాదు.

షోకు ఉర్దూ నుంచి వచ్చిన మాట. మా వాడ నాలుక మీద అది సోకయింది. తెలుగులో సోకడమంటే తగలడం. గాలి సోకుతుంది, అంటు సోకుతుంది. తగలకూడని మనిషి సోకు చేసుకుంటే ఊరికి ఎందుకంత మంటో ఆ ఒక్క మాటలో ఉందని క్లాసులో చెప్తుంటాను. నిఘంటువు ఒప్పుకోదు, నాకు తెలుసు. పిల్లలకి గుర్తుంటుందని చెప్తాను.

మంట మాత్రం నిఘంటువు కన్నా పాతది. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడికి ఏం కట్టుకోవాలో కూడా రాసిపెట్టారు. శవాల మీది బట్టలు, పగిలిన గిన్నెల్లో తిండి, ఇనప నగలు. అంటే మనం ఏం తినాలన్నదానితో పాటు ఎలా కనపడాలన్నది కూడా వాళ్ళ చట్టమే. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ సమక్షంలో దాన్ని తగలబెట్టారు. ఇది అందరం చెప్పుకుంటాం. అదే సభల్లో ఆయన ఆడవాళ్ళతో విడిగా చీరకట్టు గురించి మాట్లాడాడని మాత్రం మన సభల్లో తక్కువ వింటాం. మీ కట్టు చూడగానే మీ కులం తెలిసిపోతోంది, అది మార్చండి, ఆ మోత గాజులూ కడియాలూ తీసేయండి, చిరిగినా సరే శుభ్రమైన బట్ట కట్టుకోండి అని చెప్పాడు. వాళ్ళు చీరకట్టు మార్చుకున్నారు. చెరువు నీళ్ళు, మనుస్మృతి, చీర కుచ్చిళ్ళు ఆయనకి ఒకే పోరాటంలో భాగాలు. ఆయనకి లేని మొహమాటం మనకెందుకు?

తమ్ముడూ, నీ "సింపుల్" గురించి ఇక్కడ చెప్తాను. సింపుల్‌గా ఉండటం అందరికీ ఒకే ధర కాదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్ద మేడమ్ ఉన్నారు. వెలిసిన చేనేత చీర, చేతికి ఒక్క వాచీ. "ఎంత నిరాడంబరం" అంటారు అందరూ. అదే వెలిసిన చీర నేను మొదటి ఏడాది కట్టుకెళ్తే అటెండరు నన్ను, "స్వీపర్ పోస్టుకి ఇంటర్వ్యూ రేపమ్మా" అన్నాడు. ఆయన తప్పు కాదని ఇప్పుడనుకుంటాను, ఆయనకి కనపడింది ఆయన చెప్పాడు. స్వీపర్ పోస్టు చిన్నదని కూడా కాదు, మా పిన్ని మున్సిపాలిటీలో ఊడ్చే మనిషే. కానీ ఆ రోజు పదిహేను వందలు అప్పు చేసి చీర కొన్నాను. బీరువాలో వందేళ్ళ బంగారం ఉన్నవాళ్ళు మెడ బోసిగా తిరిగితే అది ఆదర్శం. మనం తిరిగితే అది మన పాత ఫొటో.

జూపాక సుభద్ర "కొంగు" కవిత నేను ప్రతి ఏటా చెప్తాను. కూలి ఆడమనిషి కొంగు సిగ్గుకి కాపలా కాదు, పనిముట్టు, తువ్వాలు, మూట, పిల్లకి పక్క అన్న ఎరుక ఆ కవితది. చెప్పేటప్పుడల్లా నాకు పౌడరు అద్దుకున్న కొంగు గుర్తొస్తుంది.

నా సోకుల సంగతి. నేను కాంట్రాక్ట్ లెక్చరర్ని, జీతం ఎప్పుడొస్తుందో బ్యాంకు వాడికీ తెలియదు. పొద్దున్న ఐదుకి లేస్తాను. పాపకి జడలు, బాక్సు, రెండు బస్సులు. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో, ఆదివారం మనిషి. పాపని అమ్మ చూసుకుంటుంది. చీరలామె స్టాఫ్‌రూముకి మూటతో వస్తుంది, నెలకి మూడొందల చొప్పున కడతాను. లిప్‌స్టిక్ ఒకటే, ఇటుకరంగు, ఏడాది వస్తుంది. శుక్రవారం ఆఖరి పీరియడ్ అయ్యాక బస్టాండులో ఒక బస్సు కావాలని వదిలేస్తాను. కుర్చీలో కూచుని అల్లం టీ, రెండు మిరపకాయ బజ్జీలు. ఎవరూ మేడమ్ అనరు, అమ్మా అనరు. ఇరవై నిమిషాలు. ఇంటికెళ్ళి "బస్సు తప్పింది" అంటాను. మా అమ్మ వయసులో ఉన్నప్పుడు మా ఊరి టీ కొట్లో మనకి గ్లాసులు వేరు, బయట చూరులో పెట్టుండేవి, తాగి కడిగి పెట్టి రావాలి. కుర్చీ మాట లేదు. కాబట్టి ఆ కుర్చీలో కూచోవడం నాకు ఉత్త టీ కాదు. అయినా ప్రతిదీ పోరాటమే అనడం నాకు నచ్చదు. ఒక్కోసారి అది ఉత్త టీనే. బజ్జీ వేడిగా ఉంటే చాలు.

ఇక చెప్పడానికి ఇష్టం లేనిది.

రెండేళ్ళ కింద, డిగ్రీ రెండో సంవత్సరంలో ఒక పిల్ల ఉండేది. మన పిల్ల, హాస్టల్ పిల్ల. ఒకరోజు పసుపురంగు కొత్త డ్రెస్సులో వచ్చింది, చెవులకి పెద్ద రింగులు. స్టాఫ్‌రూము ముందు నుంచి పోతుంటే లోపల ఒకరన్నారు: "స్కాలర్‌షిప్ పడ్డట్టుంది. మన పన్నులు చూడండి ఎలా మెరుస్తున్నాయో." నలుగురు నవ్వారు. తలుపు తెరిచే ఉంది. ఆ పిల్ల నడక ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ సాగింది. నేను అక్కడే ఉన్నాను, పేపర్లు దిద్దుతూ. రెన్యువల్ నెల అది. తల ఎత్తలేదు. ఎర్రపెన్నుతో ఒకే జవాబుకి రెండుసార్లు మార్కులేశాను, అది మాత్రం బాగా గుర్తుంది.

మర్నాడు ఆ పిల్ల పాత డ్రెస్సులో, చున్నీకి పిన్నులు పెట్టుకుని, వెనక బెంచీలో కూచుంది. క్లాసయ్యాక పిలిచి, నిన్నటి డ్రెస్సు బాగుందమ్మా అన్నాను. "నిన్న నా పుట్టినరోజు మేడమ్. అమ్మ పంపించింది" అంది. వాళ్ళమ్మ మిరపకోతకి వలస పోయే మనిషి. అంతకు మించి ఏమీ అనలేదు. నేను విన్నానని ఆ పిల్లకి తెలుసు. ఏడాది ఆఖరు దాకా మళ్ళీ ఆ పసుపు డ్రెస్సు కాలేజీలో నాకు కనపడలేదు.

తమ్ముడూ, హాస్టల్ మెట్ల మీద నువ్వు నా చీర గురించి అడిగితే నాకు కోపం రాకపోవడానికి కారణం ఇదే. అడగాల్సిన ప్రశ్న అది కాదు, కానీ ఏదో ఒకటి అడిగావు. నాకు ఇప్పుడు నలభై చీరలున్నాయి. ఆ రోజు అక్కడ లేచి నిలబడటానికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. సాయంత్రాలు నేను ఇంటికొచ్చేసరికి పాపకి మొహం కడిగి, పౌడరు పూసి, "తెల్లగా ఉందా, సరిపోయిందా" అని అడుగుతుంటుంది. కాలేజీ కబుర్లు చెప్పమంటుంది. చెప్తే ముందు అడిగేది ఒకటే.

"మరి నువ్వేమన్నావమ్మా?"