అద్దము వెనుకటి పుస్తకములు

మా ఆర్మూరునకు వచ్చువారికి మొదట కానవచ్చునది నవనాథ సిద్ధుల గుట్ట. మాఘ ఫాల్గుణములందు వచ్చిరేని గుట్టకంటె ముందు పసుపు వాసనయే యెదురువచ్చును. త్రవ్విన కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టించి నిజామాబాదు మార్కెట్టునకు పంపుదురు. మా యింటివారిదియు తరతరములుగా ఆ వ్యాపారమే.

మా నడవలో నిలువెత్తు టేకు అల్మారి యొకటి కలదు. ఇరుప్రక్కల చెక్కిన అరకంబములు, నెత్తిన చూరువంటి అంచు, నడుమ అద్దపు తలుపులు. క్రింది అరలలో పసుపు లెక్కల చిట్టాలు, పై అరలలో మా వారి తాతగారు కొన్న పుస్తకములు. ఇల్లు తిరుగ గట్టించుచున్నాము గనుక దానిని పాతసామానుల వర్తకునకు అమ్మివేయుదమని నేనే పట్టుబట్టితిని. మా అత్తగారు ఔననలేదు, కాదనలేదు.

ఆ నెలలోనే హైదరాబాదునకు శుభకార్యమునకై పోయినపుడు, అత్తగారును నేనును ఫలక్‌నుమా సౌధమును చూచితిమి. చార్మినారునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున, గుట్టపై నున్న యీ సౌధమునకు పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రాగారు 1884లో శంకుస్థాపన చేసిరి. దీనికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి విలియం వార్డ్ మారెట్. 1897 ప్రాంతమున నిది ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను వశమై రాజాతిథుల విడిదియయ్యెను. 2010 నుండి హోటలుగా నడచుచున్నది.

ఇందలి గ్రంథశాలకు ఇంగ్లండులోని విండ్సరు కోట గ్రంథశాల మాదిరియని ప్రసిద్ధి. తలయెత్తి చూచిన, చెక్కడపు పనితో నిండిన అక్రోటుకొయ్య పైకప్పు. 15వ శతాబ్దమున ఇటలీ శిల్పులు ప్రాచీన రోమక కట్టడముల పోకడలను మరల చేపట్టిరి. దానినే పునరుజ్జీవన శైలి యందురు. 19వ శతాబ్దమున ఐరోపా ధనికులకు ఆ శైలిపై మరల మోజు కలిగెను. 1867లో పారిసు మహాప్రదర్శనమున నుంచిన, ఫూర్దినువా అను పనివాని బీరువా యొకటి యీ శైలిదే. అది యిప్పుడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. ఈ శైలి బీరువా యనగా చిన్న మేడయే: క్రింద పీఠము, నడుమ కంబములు, పైన చూరు. ఇది తలచుకొనగానే మా నడవలోని అల్మారి కన్నులకు కట్టినది. దానిని చేసిన వడ్రంగి ఇటలీ నెఱుగడు. ఏ దొర బంగళాలోనో చూచి టేకున దింపెను కాబోలు.

అత్తగారు పుస్తకముల వరుసలయెదుట చేతులు కట్టుకొని నిలిచియుండిరి.

"ఏమి చూచుచున్నారు, అత్తమ్మా?"

"బిడ్డా, నేను కాపురమునకు వచ్చినపుడు నాకు అక్షరములు రావు. మన అల్మారి తుడుచుట నా పని. తాళపుచెవి మామగారి మొలలో నుండెడిది. అద్దము తుడుచుచు, అట్టలమీది పేర్లు కూడబలుకుకొని చదువు నేర్చితిని. పేర్లన్నియు వచ్చును. లోపలి పుట యొక్కటియు చూడలేదు."

"మామగారు పోయిన పిదప తీయవచ్చును గదా?"

"అప్పటికి పిల్లలు, పసుపు, వంట. అడుగ బుద్ధి పుట్టలేదు. నీవు అమ్మెదనన్నప్పుడు మాత్రము గుండె ఝల్లుమన్నది."

నాకు నోట మాట రాలేదు. ఇన్నేండ్లు ఆమెతో ఒక యింట నుండియు నేనీ సంగతి యెఱుగను.

ఇంటికి వచ్చి వర్తకుని పంపివేసితిమి. త్రుప్పుపట్టిన తాళమునకు నూనె పోసి తలుపులు తెరచితిమి. మొదటి పుస్తకము అత్తగారే తీసిరి. కొన్ని పుటలను పురుగు తిన్నది. మిగిలినవానిని సాయంకాలములందు కండ్లద్దములు పెట్టుకొని చదువుచున్నారు. తాళపత్రములకు పసుపు పూయుట మన పెద్దల వాడుక. అది తలచుకొని మా పసుపు కొమ్ములనే గుడ్డలో మూటగట్టి, ఎండిన వేపాకుతో అరల మూలల నుంచితిమి. తాళపుచెవి యిప్పుడు నడవ మేకుకు వ్రేలాడుచున్నది. పిల్లలకును అందును.

సోదరీమణులారా! మీ యింటి బీరువా తాళపుచెవి ఎవరిచేత నున్నదో యొకసారి చూచుకొనుడు.